దించని ఫోర్కులు

ఆగి ఉన్న ఫోర్క్‌లిఫ్ట్‌ను చూసి ఎవరూ భయపడరు. నడుస్తున్నప్పుడు హారన్ మోగుతుంది, వెనక్కి వస్తే బజర్ కూస్తుంది, జనం పక్కకు తప్పుకుంటారు. ఆగాక మాత్రం అది గోడౌన్‌లో పడి ఉన్న ఇంకో సామాను. దానికి ఆనుకుని బీడీ కాలుస్తారు, సీటు మీద టిఫిన్ డబ్బా పెడతారు. పద్నాలుగేళ్ళుగా నేను ఈ బండ్లు నడుపుతున్నాను. నడిపేటప్పుడు నా చేతుల్లో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. నా కళ్ళముందు తగిలిన ఒకే ఒక్క పెద్ద దెబ్బ, ఇంజిన్ ఆపేసి ఉన్న బండి వల్ల తగిలింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కోపం చల్లారాక రాద్దామని మూడేళ్ళు చూశాను. చల్లారలేదు. అందుకే ఇలాగే రాస్తున్నాను.

మాది ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చాడు. నాన్న వర్క్‌షాపులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. నాకు రైల్వేలో ఉద్యోగం దొరకలేదు. పరీక్షలు రాసి రాసి వయసు దాటిపోయాక, ఊరి చివర హైవే పక్కనున్న ఒక ప్రైవేటు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుగా చేరాను. ఝపటాపూర్‌లో మా ఇంటి నుంచి సైకిల్ మీద అరగంట.

చేరిన రోజు ఇంటికి రాగానే నాన్న అడిగాడు. "సరుకు ఎత్తడం నేర్పినారు, సరే. పని అయినాక బండిని ఎలా వొదలాలో నేర్పినారా?"

"నేర్పినారు నాన్నా. ఫోర్కులు నేలకి దించాల, బ్రేకు ఎయ్యాల, తాళం తీసుకోవాల."

"మా క్రేనుకి కొక్కెం పైకి లాగీవోళ్ళం. మీకు కిందకి. రెండూ ఒకటే. మనిసి నడిసే ఎత్తులో ఇనుము ఉండకూడదు. అది మర్సిపోకు."

మరిచిపోలేదు. ఫోర్కులంటే బండి ముందు పొడుచుకు వచ్చే రెండు పొడవాటి ఇనప పలకలు. సరుకు పెట్టిన చెక్క ప్యాలెట్ కిందికి దూరి దాన్ని పైకి లేపేవి అవే. మనిషి నడుమెత్తు పొడవుంటాయి, కొసలు పలచగా ఉంటాయి. పక్క నుంచి చూస్తే ఒక గీతలా కనిపిస్తాయి తప్ప ఇనుమని అనిపించదు. బండి ఆపేటప్పుడు మాస్టును, అంటే ఫోర్కులు ఎక్కి దిగే నిలువు చట్రాన్ని, కాస్త ముందుకు వంచి, ఆ కొసలు నేలకు ఆనేదాకా దించితే వాటి మీద కాలు పెట్టి దాటుకుపోవచ్చు. మోకాలెత్తులో వదిలేస్తే అవి రెండు ఈటెలు.

మా గోడౌన్‌లో మూడు బండ్లు ఉండేవి, రెండు డీజిల్‌వి, ఒకటి బ్యాటరీది. నేను చేరేనాటికి వాటికొక ఇల్లుండేది. తూర్పు గోడ పక్కన పసుపు రంగుతో మూడు గళ్ళు గీసి ఉండేవి. నేల చదును. తలుపుకు అడ్డం కాదు, నిప్పు ఆర్పే సిలిండర్లకు అడ్డం కాదు, కరెంటు బోర్డుకు దూరం. బ్యాటరీ బండి గడి పైన కిటికీ ఉండేది, ఎందుకంటే ఛార్జింగ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి గ్యాసు వస్తుంది, అది బయటికి పోవాలి. ఎవరో బుర్ర పెట్టి ఆలోచించి గీసిన గళ్ళు అవి. సాయంత్రం మూడు బండ్లూ ఆ గళ్ళలో నిలబెట్టి తాళాలు ఆఫీసులో కొక్కేలకు తగిలించి ఇంటికి పోతుంటే, పశువులకు మేత వేసి వెళ్తున్నట్టు నిమ్మళంగా ఉండేది.

తరువాత కొత్త ఇన్‌ఛార్జి వచ్చాడు. మనవాడే, ఖరిదా బజార్లో దుకాణమున్న తెలుగు కుటుంబం. మనవాడు వచ్చాడని సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయనకు ఖాళీ నేల కనబడితే ప్రాణం కొట్టుకునేది. దుకాణంలో పెరిగినవాడు కదా, అరలో జానెడు చోటు మిగిలినా నష్టమే అనుకునేవాడు. మొదట ఒక గడిలో సబ్బుల పెట్టెలు రెండు ప్యాలెట్లు దింపించాడు. "నాలుగు రోజులకే," అన్నాడు. తరువాత రెండో గడిలో బియ్యం బస్తాలు. ఏడాది తిరిగేసరికి పసుపు గీత కనిపించడమే మానేసింది. కిటికీ ముందు కూడా సరుకు పేర్చారు.

ఇక బండ్లు ఎక్కడ ఆగితే అక్కడే వాటి చోటు. నడిచే దారుల్లో, లారీలు ఆనే వాలు మీద, సరుకు మరీ ఎక్కువైతే బయట ఆకాశం కింద. ఒక వానాకాలం పని తక్కువగా ఉందని బ్యాటరీ బండిని నెలన్నర బయట వదిలేశారు. పైన కప్పిన టార్పాలిన్‌కు నా తల పట్టేంత చిరుగు ఉంది. వాడినా వాడకపోయినా బ్యాటరీకి అప్పుడప్పుడు ఛార్జింగ్ పెట్టాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఛార్జింగ్ పెట్టే చోటే సరుకు కింద పడి ఉంటే ఎక్కడ పెట్టడం. మళ్ళీ కావలసి వచ్చిన రోజున చూస్తే తీగల మొదట్లో పచ్చటి బూజు పేరుకుని ఉంది, బండి ఉలకలేదు, పలకలేదు. డీజిల్ బండి ట్యాంకు సగం ఖాళీగా వదిలేయడంతో లోపల నీరు చేరింది. ఎలుకలు వైర్లు కొరికాయి. మాస్టు గొలుసు తుప్పు పట్టి, దించుతుంటే కీచుమని ఏడ్చేది.

ఇన్‌ఛార్జి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో.

"సార్, బండ్లకి చోటు కావాల. వానలో నానిపోతన్నాయి."

"ఇనప బండికి వానేటి సేస్తాదయ్యా? నీకు మరీ ముద్దెక్కువ."

"తోవలో పెట్టినా పెమాదమే సార్. ఎవులో ఒకలు గుద్దుకుంటారు."

"కళ్ళుండీవోడు ఎవుడూ గుద్దుకోడు. పని సూసుకో."

ఇంకొక డ్రైవరు ఉండేవాడు. బెంగాలీ, నాకంటే పదేళ్ళు పెద్ద, అందరం దాదా, అంటే అన్నా, అని పిలిచేవాళ్ళం. బండి నడపడంలో అతని చేయి బంగారం. గుడ్ల అట్టలు కూడా పగలకుండా దించేవాడు. కాని బండి దిగేటప్పుడు ఫోర్కులు దించేవాడు కాదు. ఎందుకు దాదా అంటే, ఐదు నిమిషాల్లో మళ్ళీ లేపాలి కదా అని హిందీలో చెప్పి నవ్వేసేవాడు. ఆ ఐదు నిమిషాలు గంట అయ్యేవి. నేనే వెళ్ళి అతని బండెక్కి ఫోర్కులు దించి, బ్రేకు వేసి, తాళం తీసి అతని జేబులో పెట్టేవాణ్ణి. రోజుకు నాలుగైదు సార్లు. హమాలీలు నాకు ఫోర్కుల మాస్టారు అని పేరు పెట్టారు.

ఆ గోడౌన్‌లో చిరిగిన బస్తాలు కుట్టే ఒకావిడ ఉండేది. ఖరిదాలో ఉండే మన తెలుగామె. యాభై దాటాయి, భర్త రైల్వే గ్యాంగులో పనిచేసి పోయాడు. కొప్పులో దబ్బనం గుచ్చుకుని తిరిగేది. కుట్టడమే కాక, ఒలికిన బియ్యం ఊడ్చి ఎత్తడం, ఖాళీ బస్తాలు మోసి మూల పేర్చడం కూడా ఆమె పనే. అందరికీ ఆమె పిన్ని, ఆమెకు అందరం బాబులమే.

అది దుర్గా పూజకు ముందు రోజులు. సరుకు కొండలా వచ్చి పడుతోంది, బయట వాన. పొద్దున్నే నేను దాదా బండి ఎక్కి ఫోర్కులు దించుతుంటే ఇన్‌ఛార్జి చూశాడు. హమాలీలందరి ముందూ కేకేశాడు.

"ఏయ్ మాస్టారూ, దిగు. నీ బండి నువ్వు సూసుకో. ఇంకోడి బండి ముట్టుకున్నావంటే గేటు బయట నిలబెడతాను."

అందరూ నవ్వారు. దాదా కూడా నవ్వాడు. నేను దిగాను. నా చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు మనసులో ఒక మాట అనుకున్నాను. ఆ మాటను ఉన్నదున్నట్టు రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ‘ఇక ముట్టుకోను. ఏదైనా అయితే అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి’ అనుకున్నాను.

పదకొండు గంటలకు టీకి బయల్దేరాను. బియ్యం బస్తాల వరసల మధ్య దారిలో దాదా బండి ఆగి ఉంది. మనిషి లేడు. తాళం బండికే ఉంది. ఫోర్కులు మోకాలెత్తులో దారికి అడ్డంగా పొడుచుకుని ఉన్నాయి. నేను ఆగాను. బండెక్కి లీవరు నొక్కితే పది సెకన్ల పని. బండెక్కకుండా కింద నిలబడి చేయి చాచినా అందుతుంది. నేను పక్కనుంచి తప్పుకుని టీకి వెళ్ళిపోయాను.

గ్లాసు చేతిలో ఉండగానే లోపల నుంచి కేకలు వినబడ్డాయి. పరుగెత్తి వెళ్ళేసరికి పిన్ని నేల మీద ఉంది. ఖాళీ బస్తాలు గడ్డం దాకా పేర్చుకుని వస్తోందట, ముందు ఏముందో కనబడలేదు. ఒక ఫోర్కు తగిలి తూలి, కాలు రెండు ఫోర్కుల మధ్య ఇరుక్కుని, ఒళ్ళు ఒక వైపు, కాలు ఒక వైపు పడింది. మోకాలి కింద ఎముక విరిగిందని చూడగానే తెలిసిపోయింది. ఆమె ఏడవలేదు. "నా కాలు తీయండి బాబూ, ఇరుక్కుపోయింది," అంటోంది, ఎవరినో పని అడిగినట్టు.

పెట్టె చెక్కలు రెండు పెట్టి, ఆమె కుట్టే పురికొసతోనే కాలికి కట్టు కట్టాను. నలుగురం మోసి టోటోలో, అంటే కరెంటు రిక్షాలో, ఎక్కించాం. వెనక్కి తిరిగి చూస్తే దాదా బండెక్కి ఫోర్కులు దించుతున్నాడు. అతని మీదికి దూకి కాలరు పట్టుకోవాలనిపించింది. ఇప్పుడెందుకు దించుతావు అని అరవాలనిపించింది. కాని అదే ప్రశ్న నన్నూ అడగవచ్చు. నోరు మూసుకుని టోటో ఎక్కి ఆమెతో ఆస్పత్రికి వెళ్ళాను.

ఆ సాయంత్రం ఇన్‌ఛార్జి నన్ను ఆఫీసులోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. వాన నీళ్ళకు నేల తడిసి, కార్మికురాలు తన అజాగ్రత్త వల్ల జారి పడిందని అందులో ఉంది. కింద సాక్షి అని రాసి గీత గీశారు.

"సంతకం పెట్టు. ఆస్పత్రి సంగతి మేం సూసుకుంటాం. ఎవులికీ ఇబ్బంది ఉండదు."

"ఆవిడ జారలేదు సార్. ఫోర్కులు తగిలి పడింది."

"మనోడివని సెప్తన్నాను. ఎక్కువ మాటాడకు."

ఆ ‘మనోడు’ అన్న మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కాలు విరిగిన ఆవిడ మనది కాదా? నేలను తిడుతున్నాడు, వానను తిడుతున్నాడు, చివరికి పిన్ని కళ్ళను తిడుతున్నాడు. తను మింగేసిన పసుపు గళ్ళ మాట మాత్రం ఎక్కడా లేదు. కాగితం వెనక్కి తోసి, ఇంటికి వెళ్ళి, నేనే ఒక కాగితం రాశాను. బండ్లు పెట్టే చోట ఏడాదిగా సరుకు ఉందని, ఎన్నిసార్లు చెప్పినా ఖాళీ చేయలేదని, ఆ రోజు ఫోర్కులు మోకాలెత్తులో ఉన్నాయని రాశాను. చివర ఇంకో వాక్యం రాయడానికి గంట పట్టింది. పదకొండు గంటలకు నేను వాటిని చూశాను, దించకుండా వెళ్ళిపోయాను.

నకలు ఒకటి హెడ్డాఫీసుకు పంపి, ఒకటి ఇన్‌ఛార్జికి ఇచ్చాను. ఆయన ఆ చివరి వాక్యం దగ్గర ఆగాడు. మొహం వెలిగింది.

"అయితే తప్పు నీదే కదేటి?"

"నాది కూడా సార్. రాసినాను కదా."

నన్ను బండి దింపేశారు. రెండు నెలలు గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకున్నాను. దాదా నాతో మాట మానేశాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక పిన్నిని చూడడానికి ఖరిదా వెళ్ళాను. సిమెంటు కట్టుతో మంచం మీద కాలు చాపుకుని ఉంది. కోడలు కుర్చీ వేసింది.

"నువ్వు ముందే సూసినావట కదా బాబూ," అంది పిన్ని.

"సూసినాను పిన్నీ."

"మరేటి, దించలేదు?"

"ఇన్‌ఛార్జి అందరి ముందూ తిట్టినాడు. కోపమొచ్చింది."

ఆమె కట్టు వైపు చూసుకుంది. "నీ కోపం ఆడి మీద. ఇరిగింది నా కాలు," అంది. కోడలిని పిలిచి నాకు టీ ఇమ్మంది. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

నేను పంపిన కాగితం ఎక్కడో ఎవరో చదివినట్టున్నారు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి గోడౌనంతా తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. వారంలో గళ్ళు ఖాళీ అయ్యాయి, గీతలకు కొత్త రంగు వేశారు. నన్ను మళ్ళీ బండెక్కించారు. ఆరో నెలలో పిన్ని కర్ర పట్టుకుని పనిలోకి వచ్చింది. కూర్చునే పని ఇవ్వాలని పైనుంచి చెప్పడంతో ఆఫీసు గుమ్మం పక్కన స్టూలు వేసి బండ్ల తాళాలు ఆమెకు అప్పగించారు. బండి తీసేటప్పుడు ఆమె దగ్గరే తాళం పుచ్చుకోవాలి, పెట్టాక ఆమెకే ఇవ్వాలి. ఇన్‌ఛార్జి మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే కుర్చీ, అదే గొంతు.

ఆ మరుసటి ఏడాది మళ్ళీ పూజల ముందు ఒక మధ్యాహ్నం, మూడు బండ్లూ లారీల దగ్గర పనిలో ఉండగా, నేను గోడౌన్‌లోకి అడుగుపెట్టేసరికి మూడు గళ్ళలోనూ బిస్కట్ల పెట్టెలు ఉన్నాయి. కొత్త పసుపు గీత వాటి కింద నుంచి నాలుగు వేళ్ళు బయటికి కనిపిస్తోంది. దాని మీదే పేర్చారు. తిన్నగా ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాను.

"సార్, బండ్లు ఎక్కడ పెట్టమంటారు?"

"పూజా దాకా సర్దుకో. ఎక్కడో దగ్గిర పెట్టు," అని, భోజనానికి ఇంటికి పోతూ కారెక్కాడు.

ఎక్కడో దగ్గర. నేను ఆ మాట పట్టుకుని గోడౌనంతా తిరిగాను. దారులు వద్దు, వాలు వద్దు, తలుపుల ముందు వద్దు, వానలో వద్దు. చివరికి దొరికింది. పెరట్లో ఇన్‌ఛార్జి తన కారు కోసం వేయించుకున్న రేకుల షెడ్డు. సిమెంటు నేల, అద్దంలా చదునుగా ఉంది. పైన కప్పు ఉంది. ఎవరి దారికీ అడ్డం కాదు. కారు బయటికి పోయింది.

నా బండి తీసుకెళ్ళి అక్కడ పెట్టాను. వెళ్ళి బ్యాటరీ బండి తెచ్చాను. మూడో బండి కోసం తిరిగేసరికి దాదా దాన్ని తనే నడుపుకుంటూ వస్తున్నాడు. ఏడాదిగా నాతో మాట్లాడనివాడు అప్పుడూ మాట్లాడలేదు. వరసలో ఆపి, మాస్టు వంచి, ఫోర్కులు నేలకు ఆనేదాకా దించి, దిగి, వంగి ఒకసారి చూసుకున్నాడు. ఇద్దరం చక్రాల కింద చెక్కలు పెట్టాం. తాళాలు తెచ్చి పిన్ని చేతిలో పోశాం.

కాసేపటికి పెద్ద వాన. ఆ వానలో ఇన్‌ఛార్జి కారు వచ్చి షెడ్డు ముందు ఆగి హారన్ కొట్టింది. కొట్టి కొట్టి, ఆయన తడుస్తూ దిగొచ్చాడు.

"ఎవుడు పెట్టినాడివి ఇక్కడ?"

"నాను సార్. ఎక్కడో దగ్గిర పెట్టమన్నారు. కప్పుండాల, నేల సదునుండాల, తోవకి అడ్డం ఉండకూడదు. మన దాంట్లో అలాంటి సోటు ఇదొక్కటే మిగిలింది."

"మర్యాదగా తియ్యి."

"తాళాలు పిన్ని దగ్గిరున్నాయి."

ఆయన స్టూలు దగ్గరికి వెళ్ళి చేయి చాచాడు. పిన్ని లేవలేదు. తాళాలు కొంగున ముడేసుకుని కూర్చుంది.

"ఇస్తాను బాబూ. బండ్లు ఎక్కడ పెట్టాలో సూపించండి. లేదంటే తోవలో పెట్టమని మీరే సెప్పినట్టు రాసి సంతకం పెట్టండి. హెడ్డాఫీసోలు అడిగితే సూపించాల కదా."

సంతకం అనేసరికి ఆయన చేయి వెనక్కి పోయింది. బయట రెండు లారీలు ఆగి ఉన్నాయి, బండ్లు లేకుండా సరుకు దిగదు. ఆయన నన్ను తిట్టాడు, దాదాను తిట్టాడు, చివరికి హమాలీలను పిలిచి గళ్ళు ఖాళీ చేయమన్నాడు. పెట్టెలు చేతుల మీదే మోశారు. ఎక్కడ పెట్టారనుకున్నారు? ఉత్తరం గోడకు ఉన్న ఇనప అరల్లో, నిచ్చెనలు వేసి, పై వరసల్లో. అవి నేను చేరిన నాటి నుంచి సగం ఖాళీగానే ఉంటాయి. అంత పైకి ఎక్కించి దించడానికి టైము పడుతుందని కింద పేర్చుకుంటూ పోయారు, అంతే. మూడు గంటల్లో మూడు గళ్ళూ శుభ్రంగా బయటపడ్డాయి.

నాకు గెలిచినట్టు అనిపించలేదు. చోటు లేదని ఇన్నేళ్ళు చెప్పింది అబద్ధం. చోటు ఎప్పుడూ ఉంది. పోయిన ఏడాది ఇదే మూడు గంటల పని చేసి ఉంటే ఒక మనిషి రెండు కాళ్ళ మీద నడిచేది. నేను పది సెకన్ల పని చేసినా నడిచేది. ఆయన్ని తిట్టుకుంటూ మొదలుపెడితే ప్రతిసారీ నా దగ్గరికే వచ్చి ఆగుతున్నాను, అదింకా మంట.

మర్నాడు నాకు మెమో వచ్చింది, అధికారి వాహనానికి ఆటంకం కలిగించినందుకు. దాదాకూ వచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, "చాయ్?" అన్నాడు. వెళ్ళాం.

మెమో వచ్చిన ఆ సాయంత్రం బండ్లు గళ్ళలో పెట్టి తాళాలు ఇవ్వబోతే పిన్ని వెంటనే పుచ్చుకోలేదు. కర్ర ఊతంతో లేచింది. గోడౌను ఆ చివరిదాకా, విరిగి అతికిన కాలు ఈడ్చుకుంటూ నడిచింది. మొదటి రెండు బండ్ల ముందూ ఆగి కర్రతో ఫోర్కుల కొసలు తట్టి చూసింది. తాళాలు తన చేతికి వచ్చిన నాటి నుంచి రోజూ సాయంత్రం అంతే.

"నానే పెట్టినాను కదా పిన్నీ, మళ్ళీ నడవడమెందుకు. నన్ను కూడా నమ్మవేటి?"

"నిన్నసలు నమ్మను," అంది ఆమె. నవ్వలేదు. మూడో బండి దగ్గరికి వెళ్ళి, కర్ర చాచి, ఫోర్కు నేలకు ఆనిందో లేదో తట్టి చూసి, అప్పుడు నా చేతిలోని తాళాలు పుచ్చుకుంది.